చందా కట్టి చాట్ సమూహంలో చేరే ముందు దాని పాత సందేశాలు చూపించమనండి

బెంగళూరులో ఇంటి నుంచి పనిచేసుకునే తెలుగువారికి, ముఖ్యంగా కొత్తగా ఫ్రీలాన్సింగ్‌లోకి దిగినవారికి ఈ హెచ్చరిక. డబ్బు తీసుకుని చేర్చుకునే చాట్ సమూహాలు ఈ మధ్య పుట్టగొడుగుల్లా పుడుతున్నాయి. అలాంటి ఒకదానికి ఏడాది చందా ఆరు వేల రూపాయలు కట్టాను. మూడేళ్ల చర్చలు అందుబాటులో ఉంటాయని, రోజూ కొత్త పనుల సమాచారం వస్తుందని, ఏ సందేహానికైనా అనుభవజ్ఞులు జవాబిస్తారని ప్రకటనలో రాశారు. నన్ను ఆకర్షించింది ఆ మూడేళ్ల చర్చలే. ఒంటరిగా పనిచేసేవారికి, తమకన్నా ముందు అదే చిక్కులో పడి బయటపడ్డవారి మాటలకు మించిన ఆసరా ఉండదు.

చేరిన తర్వాత మొదట వెతికింది ఎల్‌యూటీ గురించి. జీఎస్టీ నమోదు ఉన్నవారు విదేశీ క్లయింటుకు జీఎస్టీ కట్టకుండా ఇన్వాయిస్ పంపాలంటే ఏటా దాఖలు చేయాల్సిన హామీ పత్రం అది. ఇలాంటి సమూహంలో దానిపై కుప్పలుగా చర్చ ఉండాలి. వచ్చిన ఫలితాలు రెండే. ఆ రెండూ ఎవరో అడిగిన ప్రశ్నలే, జవాబు లేదు. పాత సందేశాలు కనిపించాలంటే డబ్బు కట్టి ప్లాను మార్చుకోవాలన్న సూచన మాత్రం పైన కనిపించింది.

అసలు సంగతి ఏమిటంటే, ఆ సమూహం నడుస్తున్నది స్లాక్ అనే చాట్ యాప్ ఉచిత ప్లానులో. 2022 సెప్టెంబరు నుంచి ఆ ప్లానులో 90 రోజులకు ముందు నాటి సందేశాలు కనిపించవు. అంతకుముందు చివరి 10,000 సందేశాలు కనిపించేవి. 2024 ఆగస్టు నుంచి, ఏడాది దాటిన సందేశాలను స్లాక్ పూర్తిగా తొలగిస్తోంది. ఇందులో దాపరికం లేదు, స్లాక్ ముందే ప్రకటించిన నిబంధన ఇది. చెల్లింపు ప్లానుకు వాడుతున్న ఒక్కొక్కరి లెక్కన రుసుము కట్టాలి. అందుకే వందలమంది ఉన్న ఉచిత సమూహాలు దాని జోలికి వెళ్లవు, అది అర్థం చేసుకోదగినదే. కానీ తలా ఆరు వేలు వసూలు చేసి, ఉచిత ప్లానులోనే కూర్చుని, చెరిగిపోయిన చర్చలను సరుకుగా చూపించి అమ్మడం దగా. నాకు మరో మాట దొరకడం లేదు.

పనుల ఛానెల్ సంగతి క్లుప్తంగా చెబుతాను. బహిరంగ వెబ్‌సైట్లలో ఎవరికైనా దొరికే ప్రకటనలను అక్కడ అతికిస్తున్నారు. నేను తెరిచిన వాటిలో చాలావాటికి గడువు ఎప్పుడో ముగిసింది.

ఇంతకన్నా నాకు ఆందోళన కలిగించింది మరొకటి. సమూహంలో ఉన్న ఎవరైనా ఎవరికైనా నేరుగా సందేశం పంపవచ్చు. బీటీఎం లేఅవుట్‌లో మా పీజీలోనే ఉండే అనంతపురం అమ్మాయి ఒకరు ఉపశీర్షికల అనువాదం చేస్తారు. ఆమెకు అదే సమూహంలోని ఒక సభ్యుడు ప్రాజెక్టు ఇస్తానని చెప్పి, ముందుగా ఐదు వేలు డిపాజిట్ అడిగాడు. అడ్మిన్‌కు చెబితే, సభ్యుల వ్యక్తిగత వ్యవహారాలతో తమకు సంబంధం లేదన్నారు. పని ఇచ్చేవాడు మీకు డబ్బు ఇవ్వాలి గానీ మీ దగ్గర తీసుకోకూడదు. ఎవరైనా ఇప్పటికే కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయవాణి 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

చందా వాపసు అడిగితే కుదరదన్నారు. పైగా వచ్చే ఏడాది చందా దానంతటదే కట్ అయ్యేలా చేరేటప్పుడే యూపీఐ ఆటోపే పెట్టించారు. దాన్ని మీ యూపీఐ యాప్‌లోనే రద్దు చేసుకోవచ్చు, వారి అనుమతి అక్కర్లేదు. చందా వలలో ఇరికించడం, లేని తొందర సృష్టించడం వంటి 13 రకాల మోసపు ఎత్తుగడలను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులోనే నిషేధించింది. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 ఉంది. న్యాయం కోరుతూ వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న ఊళ్లోనే కేసు వేయవచ్చు.

చేరాలనుకునేవారు ముందు ఏ వేదికో, ఏ ప్లానో అడగండి. ఒక పదం చెప్పి, దానిపై ఆరు నెలల కిందటి చర్చను తేదీతో సహా తెరపట్టుగా (స్క్రీన్‌షాట్) పంపమనండి. నిజంగా ఉన్నవారికి అది నిమిషం పని. నసిగితే అక్కడితో వదిలేయండి.

నేను 1915లో ఫిర్యాదు ఇచ్చాను. ఆ ప్రకటన పేజీలో మూడేళ్ల చర్చలన్న మాట ఇప్పుడు కనిపించడం లేదు. చందా కట్టిన రోజు తీసిపెట్టుకున్న తెరపట్టును, చెల్లింపు రసీదును జతచేశాను. ఇదే అనుభవం ఎదురైనవారు తమ దగ్గరున్న ఆధారాలు చెరిపేయకుండా ఫిర్యాదు చేయండి.