"ఒక గ్రాము కూడా లేదు కదా" అట! 165 గ్రెయిన్లని అమ్మిన సంచిలో 180 గ్రెయిన్ల బుల్లెట్లు. కొన్నవాళ్లు జాగ్రత్త

ఇంకా కోపం తగ్గలేదు, అక్కడక్కడా మాట తూలితే సర్దుకోండి. నిన్న సాయంత్రం రేంజ్ నుంచి వచ్చినప్పటి నుంచి కుడి అరచెయ్యి వాచి ఉంది. తుపాకీ పేలి కాదు లెండి. తూటా పెట్టడానికీ ఖాళీ కేసు తియ్యడానికీ తెరిచే బోల్ట్ బిగుసుకుపోతే, దాన్ని అరచేత్తో కొట్టీ కొట్టీ.

ఎవరి గురించో మీకు తెలుసు. .30 కాలిబర్ బుల్లెట్లు సంచుల్లో లూజుగా అమ్మే పెద్దమనిషి. పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. మనలో సగం మంది ఆయన దగ్గర కొన్నవాళ్లం, మిగతా సగం ఆయన పాఠాలు విన్నవాళ్లం.

సంగతి క్లుప్తంగా. ఎల్క్ (పెద్ద దుప్పి) వేట సీజన్‌కి మూడు వారాలు కూడా లేదు. నా .30-06 రైఫిల్‌కి తూటాలు నేనే కట్టుకుంటాను. దానికి ఎప్పుడూ వాడే 180 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్లూ మందూ తూచే చిన్న కొలత) బాండెడ్ బుల్లెట్ ఎక్కడా దొరకలేదు. ఆయనకి ఫోన్ చేశాను. "అన్నా, 180లు ఉన్నాయా?" అంటే, "180 ఎందుకు తమ్ముడూ, ఆ కాలం పోయింది, 165 తీసుకో" అన్నాడు. అక్కడ మొదలైంది నలభై నిమిషాల క్లాసు.

పాఠం మాత్రం బాగా చెబుతాడు, ఒప్పుకోవాలి. బుల్లెట్ బరువుని 7000తో భాగించి పౌండ్లలోకి తెచ్చి, దాన్ని మళ్లీ వ్యాసం వర్గంతో భాగిస్తే సెక్షనల్ డెన్సిటీ, అంటే లావుకి తగ్గ బరువు ఎంతుందో చెప్పే అంకె, వస్తుంది కదా, అది నోటి లెక్కగా చెప్పేశాడు. 0.308 అంగుళాల వ్యాసానికి 180 అయితే 0.271, 165 అయితే 0.248. "ఈ తేడా పాత బుల్లెట్లకి తమ్ముడూ. అవి ఒంట్లోకి దిగగానే చెదిరిపోయేవి. బరువెక్కువ ఉంటే చెదరగా మిగిలిన ముక్కైనా లోతుకి పోతుందని బరువైనవి వాడేవాళ్లు. బాండెడ్‌లో సీసం రాగి తొడుగుకి అతుక్కునే ఉంటుంది, తక్కువతో బయలుదేరినా ఎక్కువ మిగులుతుంది." 1946లో జాన్ నోస్లర్ కొట్టిన మూస్ పడకపోవడం, ఆ కడుపుమంటతో ఆయన మధ్యలో అడ్డుగోడ ఉన్న పార్టిషన్ బుల్లెట్ తయారుచేయడం, అదీ చెప్పాడు. .270 రైఫిల్‌లో 130 గ్రెయిన్లతో వేగమే ముద్దన్న వేట రచయిత జాక్ ఓ'కానర్‌కీ, లావుపాటి బరువైన బుల్లెట్టే బుల్లెట్ అన్న ఇంకో రచయిత ఎల్మర్ కీత్‌కీ మధ్య నడిచిన గొడవ నిన్నగాక మొన్న తన వాకిట్లో జరిగినట్టు చెప్పాడు. భుజానికి దెబ్బ తక్కువ, దూరంలో కిందకి జారడం తక్కువ, ఇవన్నీ సరే.

చివర్లో నేను కాస్త తటపటాయించి, "పదిహేను గ్రెయిన్లే కదా అన్నా, దానికోసం మందు లోడ్ అంతా మార్చుకోవాలా?" అన్నాను. దానికి ఆయన మాట, అక్షరం పొల్లుపోకుండా: "పదిహేను గ్రెయిన్లంటే చిన్న విషయం అనుకోకు తమ్ముడూ. పదిహేను గ్రెయిన్లంటే వేరే తుపాకీ."

డబ్బు పంపేశాను.

వంద బుల్లెట్ల సంచి వచ్చింది. ప్లాస్టిక్ సంచి, దాని మీద నల్ల మార్కర్‌తో 165 అని రాసి ఉంది. తయారీదారు డబ్బా లేదు, లాట్ నంబర్ లేదు. కొన్నిటికి ముక్కు దగ్గర చుట్టూతా పట్టకారుతో పట్టుకున్నట్టు సన్నటి గాట్లు. ఎవరో తయారుచేసిన తూటాల్లోంచి ఊడబెరికిన బుల్లెట్లని చంటిపిల్లాడైనా చెబుతాడు. ఆయనేమో "ఫ్యాక్టరీ సెకండ్స్, కొంచెం గీతలుంటాయి, పట్టించుకోకు" అని ముందే అన్నాడు. పట్టించుకోలేదు. పెద్దాయన చెప్పాడు కదా మరి!

ఇక నా తెలివి చూడండి. మందుని గ్రెయిన్‌లో పదో వంతు దాకా తూచే మనిషిని నేను. ప్రతి ఇత్తడి కేసుకీ విడిగా తూస్తాను, బంగారం తూచినట్టు. కేసుల పొడవు కొలుస్తాను, ప్రైమర్ (మందుని అంటించే చిన్న టోపీ) కూర్చునే గుంటలు తోముతాను. బుల్లెట్లు మాత్రం సంచి పైనుంచి మూడు తీసి తూచాను: 165.1, 164.9, 165.0. ఆహా అనుకుని స్కేల్ పక్కన పెట్టేశాను. అన్నం ఉడికిందా అని చూడ్డానికి ఒక్క మెతుకు చాలు, నిజమే. కుండలో ఉన్నది ఒకే బియ్యం అయితే.

ఏ బుల్లెట్‌కి ఎంత మందో చెప్పే మాన్యువల్లో 165 పట్టిక తీసి, అడుగు లోడ్ నుంచి మొదలుపెట్టి పద్ధతిగానే పైకి వెళ్లాను. ఆ రోజు పదిహేను తూటాలు కాల్చాను, ఏ తేడా లేదు. పైపైన ఉన్నవన్నీ 165లే కాబోలు. పట్టిక పై అంచుకి దగ్గర్లో ఒకచోట గుళ్లన్నీ దగ్గరదగ్గరగా చక్కగా పడ్డాయి, దాన్నే ఖాయం చేసుకుని మొన్న రాత్రి ఇరవై తూటాలు కట్టాను. ఈసారి చెయ్యి సంచి అడుగుదాకా వెళ్లింది.

ఆ రాత్రి జరిగింది తలుచుకుంటే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తోంది. బుల్లెట్ కూర్చోబెడుతూ ప్రెస్ హ్యాండిల్ దింపుతుంటే నాలుగైదు తూటాల దగ్గర, దాదాపు చివర్లో, వేళ్లకి సన్నగా కరకర తగిలింది. ఇసుక మీద చెప్పుకాలు పెట్టినట్టు. ఆగాను కూడా. హ్యాండిల్ ఎత్తి, తూటా తీసి, కాలిపర్‌తో కొలిచాను. మిగతావాటితో సమానంగా ఉంది. మందు గింజలు కాస్త పైకి నిలబడ్డాయేమో అనుకుని ట్రేలో పెట్టేశాను.

సమానంగా ఎందుకు ఉండదు! సీటింగ్ డై బుల్లెట్‌ని ముక్కు వంపు దగ్గర పట్టి తోస్తుంది. ముక్కు ఆకారం రెండిటికీ ఒకటే. కాబట్టి తూటా మొత్తం పొడవు రెండిటికీ ఒకేలా వస్తుంది. 180లో ఉన్న అదనపు సీసం, పొడవులో సుమారు రెండు మిల్లీమీటర్లు, కిందకి దిగి మందు మీద కూర్చుంటుంది. ఆ కరకర అదే. బుల్లెట్ "నేను 180ని బాబూ" అని చేతికి చెప్పింది. నేను కాలిపర్ మాట విన్నాను.

నిన్న రేంజ్‌లో మొదటి మూడూ ఒకదాన్నొకటి ఆనుకుని పడ్డాయి. నాలుగోది భుజాన్ని గట్టిగా తోసింది, చప్పుడు కూడా కొంచెం వేరేగా అనిపించింది. బోల్ట్ ఎత్తబోతే రాలేదు. అరచేత్తో కొట్టాను, రాలేదు. తుపాకీ మూతిని దిబ్బ వైపే ఉంచి ఇంకో పది దెబ్బలు వేస్తే కదిలింది. బయటికి వచ్చిన కేసు చూస్తే ప్రైమర్ గుండ్రటి అంచులన్నీ పోయి గుంట అంతా నిండిపోయి బల్లపరుపుగా ఉంది. కేసు అడుగున, బోల్ట్‌లోని ఎజెక్టర్ రంధ్రం ఆనుకునే చోట, ఇత్తడి మీద మెరిసే గుండ్రటి అచ్చు. రెండూ ఒత్తిడి మితిమీరిన గుర్తులే. తుపాకీ కింద పెట్టేశాను. ఒక్క క్షణం ముందు ఆ బోల్ట్ పక్కనే నా చెంప ఉంది. చేతులు వణకడం అప్పుడు మొదలైంది.

.30-06 కి సామీ (అమెరికాలో తూటాల ప్రమాణాలు పెట్టే సంస్థ) పెట్టిన గరిష్ఠ ఒత్తిడి 60,000 పిఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి అన్ని పౌండ్లు. నా నాలుగో తూటా అది దాటిందా అంటే కొలిచే సాధనం నా దగ్గర లేదు. బోల్ట్ చెప్పింది చాలు. 165ని తొయ్యడానికి తూచిన మందు 180ని తోస్తే, బుల్లెట్ బద్ధకంగా కదులుతుంది, గ్యాస్ ఎక్కువసేపు ఇరుకులో ఉండిపోతుంది. పైగా బుల్లెట్ లోతుగా దిగి ఉన్న కాస్త జాగానీ మింగేసింది. ఒక్కో బరువుకి మాన్యువల్ వేరే పట్టిక ఇచ్చేది, బరువు పెరిగే కొద్దీ గరిష్ఠ మందు తగ్గించేది ఊరికే కాదు.

ఇంటికి వచ్చి, సుత్తి లాంటి పుల్లర్‌తో మిగిలిన పదహారు తూటాలూ ఊడదీశాను. తూస్తే అయిదు 180లు. సంచిలో మిగిలిన అరవై అయిదు తూస్తే అందులో పదిహేడు. మొత్తం ఇరవై రెండు. కాల్చేసిన ఆ నాలుగోదాన్ని కలిపితే ఇరవై మూడు అనుకోండి.

అప్పుడు ఫోన్ చేశాను. కోపంగా కాదు, నిజంగా. పొరపాటున కలిసిపోయి ఉంటాయి, మిగతా కొన్నవాళ్లకి చెప్పమందాం అనే చేశాను.

"అన్నా, సంచిలో 180లు కలిశాయి."

"ఎన్ని?"

"ఇప్పటికి ఇరవై రెండు తేలాయి."

"మంచిదేగా! మొదట నువ్వడిగింది 180లే కదా." నవ్వాడు. అవునండీ, నవ్వాడు.

బోల్ట్ బిగుసుకున్న సంగతి చెప్పాను. "నీ లోడ్ వేడిగా పెట్టుకుని నా బుల్లెట్‌ని అంటావేంటి?" అన్నాడు. అది 165కి పెట్టిన లోడ్ అన్నా, మీరు 165 అని రాసిచ్చిన సంచికి పెట్టిన లోడ్ అన్నాను. అప్పుడన్నాడు:

"పదిహేను గ్రెయిన్లంటే ఎంతో తెలుసా అసలు? ఒక గ్రాము కూడా లేదు. దీనికింత రాద్ధాంతమా? జంతువుకి తెలుస్తుందా తగిలింది ఎన్ని గ్రెయిన్లో?"

నాకు నోట మాట రాలేదు. ఫోన్ పెట్టాక లెక్కేశాను. పదిహేను గ్రెయిన్లు అంటే 0.97 గ్రాము. నిజమే, ఒక గ్రాము కూడా లేదు! లెక్కలో మాత్రం తప్పు దొరకనివ్వడు మహానుభావుడు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అంటారు. డబ్బు పడేదాకా పదిహేను గ్రెయిన్లు వేరే తుపాకీ, పడ్డాక ఒక గ్రాము కూడా కాదు. జంతువుకి తెలియకపోవచ్చు అన్నా. నా బోల్ట్‌కి తెలిసింది.

వాపసు సంగతి అడిగితే, సంచి విప్పాక తీసుకోనన్నాడు. విప్పకుండా తూచడం ఎలాగో ఆయన తర్వాతి క్లాసులో చెబుతాడేమో.

ఆయన మీద ఎంత కోపం ఉందో నా మీద అంతే ఉంది. 165 చెడ్డ బరువని నేను అనడం లేదు. మంచి బాండెడ్ బుల్లెట్ అయితే .30-06 లో 165 పెద్ద జంతువుకి సరిపోతుంది. నన్నడిగితే 165నా 180నా అన్నదానికంటే ఆ బుల్లెట్ ఎలా కట్టారన్నదే పెద్ద ప్రశ్న. అదే 165లో పల్చటి తొడుగున్న టార్గెట్ బుల్లెట్ పంపి ఉంటే అది ఇంకో రకం నాశనం. కానీ నా తుపాకీ 180కి అలవాటుపడింది, నా భుజం అలవాటుపడింది, ఏ దూరంలో ఎంత జారుతుందో నా కంటికి తెలుసు. సీజన్ నెత్తిమీదకి వచ్చాక బరువు మార్చడం ఏం తెలివి? ఆ మనిషి దగ్గర 165 అని రాసిన సంచి ఉంది కాబట్టి ఆ వారం 165 శాస్త్రం. 200 సంచి ఉంటే కీత్ గారి భజన చేసేవాడు. అది తెలిసీ తలూపాను చూడండి, అక్కడ ఉంది నా ఘనత.

ఇంకొకటి రాత్రంతా నిద్రపట్టనివ్వలేదు. ఆ ఇరవై తూటాల్ని రేంజ్‌కి తీసుకెళ్లకుండా నేరుగా కొండల్లోకి తీసుకెళ్లి ఉంటే? దూరం నుంచి గురి పెట్టిన చోట ఒకటి తగిలి, తర్వాతిది వేరేచోట తగిలి, జంతువు గాయంతో పొదల్లోకి పోయి ఉంటే? లేదా రెండో తూటాకి బోల్ట్ తెరుచుకోకపోతే?

సలహా అంటారా, ఇప్పుడు నేనెవరిని సలహా చెప్పడానికి. లూజు బుల్లెట్లు కొంటే ప్రతి ఒక్కటీ తూచండి, మూడు కాదు. డబ్బా మీద లాట్ నంబర్ లేనిది, ముక్కు మీద గాట్లున్నది తీసుకోకండి. కూర్చోబెట్టేటప్పుడు ఎప్పుడూ లేని కరకర తగిలితే అక్కడే ఆగి ఆ బుల్లెట్ ఊడదీసి తూచండి.

మార్కర్‌తో 165 అని రాసిన ఆ సంచి ఈ సీజన్‌లో మీలో ఎవరైనా కొని ఉంటే, దయచేసి కట్టిన తూటాలు ఒక్కటి కూడా కాల్చకండి. ఊడదీసి తూచండి. ఎన్ని 180లు తేలాయో నాకు చెప్పండి, నా ఇరవై రెండింటి బరువులు రాసిన కాగితం నా దగ్గర ఉంది. ఈసారి ఆయనకి ఫోన్ చేసేటప్పుడు నేనొక్కణ్నే చెయ్యను.