కార్మెల్ రౌండబౌట్లు: ఏళ్ల తరబడి బండి నడిపాక నా మాట

ఇండియానాపొలిస్‌కు ఉత్తరాన, దాన్ని ఆనుకునే ఉంటుంది కార్మెల్. అమెరికాలో ఇన్ని రౌండబౌట్లు, అంటే సిగ్నల్ లేకుండా నడిమి దిబ్బ చుట్టూ తిరిగి వెళ్లే కూడళ్లు, ఉన్న ఊరు ఇంకొకటి లేదు, 150 దాటాయి. మొదటిది 1997లో వచ్చింది. 1996 నుంచి 2023 దాకా మేయర్‌గా ఉన్న జిమ్ బ్రెయినార్డ్ పట్టుబట్టి ఒక్కొక్క సిగ్నల్‌నే తీయిస్తూ వచ్చారు. నేను ఈ ఊళ్లో స్థిరపడి చాలా కాలమైంది. ఆఫీసుకూ, పిల్లల బడికీ, కూరగాయలకూ ఈ చుట్టు దారుల మీదే తిరుగుతున్నాను. ఇక్కడికి మారాలనుకునే తెలుగువాళ్లు ఇంటి ధర తర్వాత నన్ను అడిగేది వీటి గురించే.

నేను ఎక్కువగా వాడేది 116వ వీధి కీస్టోన్ పార్క్‌వేను దాటే చోటు. ఆ పార్క్‌వే రహదారిని రాష్ట్రం 2007లో ఊరికి అప్పగించింది. తర్వాతి మూడు నాలుగేళ్లలో దాని మీది సిగ్నళ్లు తీసేసి, పార్క్‌వేను కిందికి దించి, అడ్డ వీధులను దాని పైనుంచి పోనిచ్చారు. పై కూడలి ఆకాశం నుంచి చూస్తే నడుము సన్నగా ఉన్న వేరుశెనగ కాయలా కనిపిస్తుంది. కింద పార్క్‌వే మీద వెళ్లేవాళ్లు ఎక్కడా ఆగరు. పైన మనం ఆగాల్సింది కాయలోకి దిగే ముందు ఒక్కసారే. వంతెన దాటి రెండో కొసకు చేరినప్పుడు మనకు అడ్డొచ్చే బండి ఉండదు, మళ్లీ దారి ఇవ్వాల్సిన పని లేదు. ఎడమకు తిరిగి పార్క్‌వే ఎక్కాలన్నా ఎదురు వరుసను కోసుకుంటూ పోనక్కర్లేదు.

భద్రత సంగతికి వస్తే, ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. మామూలు నాలుగు రోడ్ల కూడలిలో ఒక బండి దారి మరో బండి దారిని తాకే చోట్లు 32 ఉంటాయి. ఒంటి వరుస రౌండబౌట్‌లో అవి 8. పైగా ఎదురెదురుగా గానీ, నేరుగా పక్క తలుపు మీదికి గానీ వచ్చి కొట్టే అవకాశం దాదాపు ఉండదు. మనుషుల ప్రాణాలు ఎక్కువగా పోయేది ఆ రెండు రకాల దెబ్బల్లోనే. వంపు తిరగాలంటే ఎవరైనా గంటకు పాతిక మైళ్ల లోపుకు రావాల్సిందే. కార్మెల్‌లోని 64 రౌండబౌట్లను ఐఐహెచ్ఎస్ అనే రహదారి భద్రతా పరిశోధన సంస్థ పరిశీలించి, మనుషులు గాయపడే ప్రమాదాలు దాదాపు సగానికి తగ్గాయని తేల్చింది. పచ్చ దీపం ఎర్రగా మారేలోపు దూసుకుపోదామని వేగం పెంచేవాడు ఇక్కడ లేడు, ఎందుకంటే దీపమే లేదు. గాలివానకు కరెంటు పోయిన రోజు కూడా కూడలి ఎప్పటిలాగే నడుస్తుంది.

నడిమి దిబ్బను ఒకసారి నిదానంగా చూడండి. దాని మీద మట్టి ఎత్తుగా పోసి మొక్కలు నాటేది అందం కోసమే కాదు. అవతలి ఒడ్డు కనిపించకపోతే నేరుగా దూసుకుపోవచ్చన్న ఆలోచనే రాదు, కాలు తనంతట తానే బ్రేకు మీదికి వెళుతుంది. రాత్రిపూట ఎదుటి దీపాలు కళ్లలో పడవు. దిబ్బ చుట్టూ రోడ్డుకన్నా కాస్త ఎత్తుగా ఒక కాంక్రీటు పట్టీ ఉంటుంది. అది నడిచేవాళ్లకోసం అనుకుంటారు చాలామంది. పొడవాటి లారీ తిరిగేటప్పుడు దాని వెనక చక్రాలు లోపలికి జరుగుతాయి, ఆ పట్టీ ఎక్కి దిగుతాయి. అందుకే తిరుగుతున్న లారీ పక్కన ఎప్పుడూ మీ కారు పెట్టకండి, వెనకే ఉండండి.

ఇక లోపాలు. రెండు వరుసల రౌండబౌట్‌లో లోపలికి రాకముందే వరుస ఎంచుకోవాలి. అది తెలియని వాళ్లు బయటి వరుసలో వచ్చి ఎడమకు తిరగబోతారు, లోపలి వరుసలోని బండి బయటికి రాబోతుంది, ఇద్దరూ రాసుకుంటారు. ప్రాణం మీదికి రాదు గానీ బంపరూ, బీమా గొడవా తప్పవు. సాయంత్రం ఒకే వైపు నుంచి బండ్లు తెరిపి లేకుండా వస్తుంటే పక్క వీధిలో ఉన్నవాళ్లకు సందు దొరకదు. సిగ్నల్ అయితే ఎంతసేపటికైనా వంతు వస్తుందన్న భరోసా ఉంటుంది, ఇక్కడ అది లేదు. అయినా మొత్తంగా పోయే సమయం తక్కువే, నాకు అందులో సందేహం లేదు.

నడిచేవాళ్ల సంగతి వేరు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు సాయంత్రం నడకకు బయల్దేరితే ఒంటి వరుస కూడలి దగ్గర ఇబ్బంది పడరు. రోడ్డు మధ్యలో తిన్నె ఉంటుంది, ఒక వైపు చూసి సగం దాటి, అక్కడ ఆగి, రెండో వైపు చూసుకోవచ్చు. రెండు వరుసలున్న చోట మాత్రం నేను వాళ్లను ఒంటరిగా దాటనివ్వను. లోపలికి వచ్చే డ్రైవరు కళ్లు ఎడమవైపు సందు కోసం వెతుకుతుంటాయి, కుడివైపు నుంచి అడుగు వేసిన మనిషి అతనికి ఆలస్యంగా కనిపిస్తాడు. ఒక కారు ఆగినా, దాని చాటున రెండోది ఆగుతుందన్న నమ్మకం లేదు. చూపు లేనివాళ్లకు మరీ కష్టం, తిరుగుతూనే ఉండే బండ్ల శబ్దాన్ని బట్టి సందు పోల్చుకోలేరు.

మన ఊళ్లలోనూ కూడలికో సర్కిల్ ఉంది కదా, అవెందుకు ఇలా పనిచేయవు అని నాన్న అడిగారు. లోపల ఉన్న బండిదే ముందు హక్కు, వచ్చేవాడు ఆగాలి అన్న ఒక్క నియమం మీదే ఇదంతా నిలబడింది. ఇంగ్లండ్‌లో కూడా 1966లో ఆ నియమం తెచ్చాకే చిక్కుముళ్లు విడిపోయాయి. వచ్చేవాడు తోసుకొస్తే లోపలివాడు ఆగిపోతాడు, వాడి వెనక వృత్తమంతా బిగుసుకుంటుంది. మన పట్టణాల శివారు లేఅవుట్లలో ఒంటి వరుసవి, దారి ఇవ్వమనే బోర్డుతో, వేగం తగ్గించే వంపుతో కడితే తప్పక పనిచేస్తాయని నా నమ్మకం. విగ్రహం ఉన్నా ఫరవాలేదు.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే: ఎడమకు చూసి దిగండి, లోపల అకారణంగా ఆగకండి, దారి తప్పితే ఇంకో చుట్టు తిరగండి, బయటికి వచ్చేటప్పుడు కుడి సిగ్నల్ వేయండి. నగరపాలక సంస్థను నేను కోరేది ఒక్కటే. రెండు వరుసల కూడళ్లలో నడిచేవాళ్లు దాటే దారిని కాలిబాట ఎత్తుకు లేపాలి, అప్పుడు బయటికి వెళ్లే కారు కూడా అక్కడ మెల్లగా ఎక్కి దిగాల్సి వస్తుంది.