శనివారం ఆన్‌లైన్ గ్రామర్ క్లాస్ - ఒక్క ‘హిమ్‌సెల్ఫ్’ కోసం చేరా, 5కి 4 ఇస్తా

నేను హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్తా. రెండు నెలల కింద టెన్త్ అమ్మాయి ఒకామె లేచి ‘సార్, హీ షౌటెడ్ హిమ్‌సెల్ఫ్ హోర్స్ అంటే తనని తాను అరిచాడనా’ అని అడిగింది, అరిచి అరిచి గొంతు బొంగురుపోయిందమ్మా అని అర్థమైతే చెప్పా గానీ ఆ హిమ్‌సెల్ఫ్ అక్కడెందుకుందో చెప్పలేకపోయా, ఆ రోజంతా అదే బుర్రలో తిరిగింది. తోటి టీచర్ చెప్తే ఈ క్లాస్‌లో చేరా. రిటైర్డ్ లెక్చరర్ మేడం, తెలుగులోనే చెప్తారు, 6 వారాలు, ఫీజు 1,800.

మూడో వారం క్లాస్ గురించే రాయాలి అసలు. మేడం బోర్డు మీద రెండు వాక్యాలు రాశారు, ది రివర్ ఫ్రోజ్ సాలిడ్, ఐ షౌటెడ్ మైసెల్ఫ్ హోర్స్. నదికి ఇట్‌సెల్ఫ్ ఎందుకు లేదు అంటే గడ్డకట్టడం నదికి జరిగేది, మార్పు ఆ క్రియలోనే ఉంది, ఎంత గట్టిగా అన్నది మాత్రం సాలిడ్ చెప్తుంది. అరవడం అలా కాదు కదా, అది మనం చేసే పని, గొంతు పోవడం దాని ఫలితం. ఆ ఫలితం చెప్పే అడ్జెక్టివ్‌కి ఆనుకోడానికి ఒక ఆబ్జెక్ట్ కావాలి, ఇక్కడ షౌట్‌కి ఆబ్జెక్ట్ లేదు, ఆ ఖాళీలో మైసెల్ఫ్ వచ్చి కూర్చుంటుంది. ఏట్ హిమ్‌సెల్ఫ్ సిక్, లాఫ్‌డ్ మైసెల్ఫ్ సిల్లీ కూడా ఇంతే. మనమైతే తిని తిని, నవ్వి నవ్వి అని క్రియనే రెండుసార్లు అని ఫలితాన్ని కడుపు మీదో గొంతు మీదో పెట్టేస్తాం, మేడం ఈ పోలిక తెచ్చాక ఇన్నేళ్ళ చిక్కుముడి విడిపోయింది నాకు.

అయితే ఏ అడ్జెక్టివ్ పడితే అది రాదు, వర్క్‌డ్ మైసెల్ఫ్ టైర్డ్ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. స్లీప్ లాంటి నౌన్ వస్తే ముందు టు కావాలి, క్రైడ్ హర్‌సెల్ఫ్ టు స్లీప్.

ఇంకోటి, పిల్లలు ఐ ఫీల్ మైసెల్ఫ్ హ్యాపీ అని రాస్తే నేనే చాలాసార్లు దిద్దకుండా వదిలేశా, ఇప్పుడు బాధేస్తోంది. ఫీల్ తర్వాత అడ్జెక్టివ్ నేరుగా వచ్చేస్తుంది, ఐ ఫీల్ హ్యాపీ అంతే. కన్సిడర్‌కి మాత్రం మైసెల్ఫ్ ఉండాల్సిందే, ఐ కన్సిడర్ మైసెల్ఫ్ లక్కీ. గెట్ రెండు రకాలా నడుస్తుంది, గెట్ రెడీ, గెట్ యువర్‌సెల్ఫ్ రెడీ.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే రికార్డింగ్ మూడు రోజులు లేటుగా పెడతారు, ఒక వారం కరెంట్ పోయి సగం క్లాస్ మిస్సయిన నాకు అది చాలా ఇబ్బందైంది. ఎక్సర్‌సైజులు కూడా వారానికి పదే, ఇంత బాగా చెప్పేవాళ్ళు ఇంకో ఇరవై ఇవ్వాలి.

గబగబా మాట్లాడటం నేర్చుకుందామని వచ్చేవాళ్ళకి ఇది సరిపోదు, బీఈడీ వాళ్ళు, నాలాంటి టీచర్లు మాత్రం తప్పకుండా చేరండి. సోమవారం వెళ్ళి ఆ అమ్మాయికి ఇదంతా చెప్పా, కాసేపు ఆలోచించి ‘మా తమ్ముడు మామిడిపళ్ళు తిని తిని జబ్బు తెచ్చుకున్నాడు సార్, మై బ్రదర్ ఏట్ హిమ్‌సెల్ఫ్ సిక్, కరెక్టేనా’ అంది.