షియాన్‌లో ఒకరోజు గైడ్ టూర్ బుక్ చేసుకోబోయేవారు దయచేసి ఇది చదవండి

ఈరోజు సాయంత్రం మేము చైనాలోని షియాన్‌లో బిగ్ వైల్డ్ గూస్ పగోడా అనే పాత బౌద్ధ గోపురం దగ్గరకు చేరేసరికి టికెట్ కౌంటర్ మూసేశారు. మా నాన్నగారు గుంటూరు జిల్లాలో ముప్ఫై రెండేళ్లు సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. చైనా బౌద్ధ యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ మన ధాన్యకటకానికి (ఇప్పటి అమరావతి ప్రాంతం) వచ్చి, కొన్ని నెలలు ఉండి, అభిధర్మం అనే బౌద్ధ తత్వశాస్త్రం చదువుకుని వెళ్లాడని ఏటా పిల్లలకు పాఠం చెప్పిన మనిషి. ఆ యాత్రికుడు 645లో భారతదేశం నుంచి 657 గ్రంథాలతో తిరిగొచ్చాక, వాటిని భద్రపరచడానికి 652లో కట్టించిన కట్టడమే ఈ పగోడా. చైనా ప్రయాణం అనుకున్నప్పుడు ఆయన నన్ను అడిగింది ఒక్కటే: "మిగతావి నీ ఇష్టం అమ్మా, అది మాత్రం చూపించు." నేను డబ్బు కట్టి కుదుర్చుకున్న గైడ్ ఆ ఒక్కటీ చూపించలేదు. ఇంకా చేతులు వణుకుతుండగానే హోటల్ గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను.

బుక్ చేసింది మీరందరూ వాడే యాప్‌లోనే. ముగ్గురికి 1,650 యువాన్లు. కారు, ఇంగ్లిష్ మాట్లాడే గైడ్, చైనా తొలి చక్రవర్తి సమాధి దగ్గర దొరికిన మట్టి సైనికుల మ్యూజియం, పగోడా, సాయంత్రం ముస్లిం క్వార్టర్‌లో స్థానిక వంటకాలు. షాపింగ్ ఉండదని ప్యాకేజీ వివరాల్లోనే స్పష్టంగా రాసి ఉంది. అయినా చాట్‌లో రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ ఉండదనే చెప్పారు.

ఎనిమిదింటికి రావలసిన కారు తొమ్మిదింటికి వచ్చింది. మ్యూజియం ఊరికి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. దారిలో గైడ్ "మట్టి సైనికులను ఎలా చేశారో చూపిస్తాను" అంటూ ఒక బొమ్మల కార్ఖానాలోకి తీసుకువెళ్లాడు. అక్కడ ముప్పావు గంట పోయింది. తరువాత పట్టు దుప్పట్ల దుకాణం. అక్కడ నలుగురు అమ్మాయిలు పట్టుగూళ్ల నుంచి తీసిన దూదిలాంటి పొరను నాలుగు మూలలా పట్టుకుని మంచమంత వెడల్పుకు సాగదీస్తూ, ఒక కొస మా అమ్మ చేతికిచ్చి ఆమెను కూడా లాగమన్నారు. అమ్మ సంబరపడింది. ఆ కొస వదలకముందే ధరల పట్టిక మా ముందుకు వచ్చింది. ఇంత సేపు చూపించారు, ఏమీ కొనకుండా లేచిపోతే బాగుండదని అమ్మ మొహమాటపడితే, 1,680 యువాన్లు పెట్టి ఒక దుప్పటి కొన్నాను. ఆ క్షణంలోనే లేచి, మ్యూజియానికి పోనివ్వమని గట్టిగా చెప్పవలసింది. చెప్పలేదు. ఆ తప్పు నాదేనని ఒప్పుకుంటున్నాను.

మ్యూజియం చేరేసరికి పన్నెండున్నర దాటింది. 1974లో బావి తవ్వుతున్న రైతులకు దొరికిన ఆ సైన్యం ఒకటో నంబరు గుంటలో బారులు తీరి నిలబడి ఉంది. ఏ ముఖమూ ఇంకో ముఖంలా ఉండదని నాన్నగారు కటకటాలను ఆనుకుని ఒక్కొక్కరినీ చూస్తుంటే, గైడ్ పక్కనే నిలబడి చేతి గడియారం చూపిస్తూ వచ్చాడు. అదే సమాధి దగ్గర దొరికిన కంచు రథాల సంగతి అడిగితే వాటికి వేరే టికెట్ కావాలన్నాడు. అది పచ్చి అబద్ధం. 120 యువాన్ల టికెట్‌లోనే ఆ రథాలున్న లీషాన్ ఉద్యానం కూడా ఉంది, అక్కడికి ఉచిత బస్సు కూడా ఉందని రాత్రి గదికి వచ్చాక చూసుకున్నాను.

భోజనం సంగతి. అమ్మ మాంసాహారం ముట్టదని బుకింగ్‌లో రాశాను, పొద్దున కారెక్కగానే చెప్పాను, హోటల్లో కూర్చున్నాక మళ్లీ చెప్పాను. అతను చైనీస్‌లో ఏదో చెప్పి ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. నడుముకు కట్టే పట్టీ అంత వెడల్పుండే బియాంగ్‌బియాంగ్ నూడుల్స్ వచ్చాయి. పైన కారం, వెల్లుల్లి, వాటి మీద కాగిన నూనె. అమ్మ రెండు ముద్దలు తిన్నాక గిన్నె అడుగు నుంచి మాంసం ముక్కలు పైకి వచ్చాయి. ఆమె ముఖం పాలిపోయింది. గైడ్‌ను పిలిచి చూపిస్తే, "అవి పక్కకు తీసేసి మిగతాది తినమనండి" అన్నాడు. క్షమాపణ మాట వరుసకైనా చెప్పలేదు. అమ్మ నోరు పుక్కిలించుకుని, సంచిలో ఉన్న అరటిపండు తిని ఊరుకుంది.

ఆ తరువాత జేడ్ రాళ్ల నగల దుకాణం. ఈసారి నేను కారు దిగనన్నాను. దిగకపోయినా కారు అక్కడే గంటసేపు ఆగింది, ఎందుకంటే డ్రైవర్ కూడా కనిపించకుండా పోయాడు.

పగోడా ముందు దక్షిణపు చౌకులో హుయాన్‌త్సాంగ్ కంచు విగ్రహం ఉంది, చేతిలో కర్రతో నడిచి వస్తున్నట్టుగా. గేటు మూసేశారని తెలిశాక నాన్నగారు నెమ్మదిగా ఆ విగ్రహం దగ్గరకు నడిచారు. చెప్పులు విప్పి, పీఠం మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. నేను గైడ్‌ను ఇలా ఎందుకు చేశావని అడిగాను. "లోపల ఏముంది, ఇటుకల గోపురం. ఫోటో ఇక్కడినుంచే బాగా వస్తుంది" అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. నాన్నగారి దగ్గరకు వెళ్లి భుజం తట్టి, టైమ్ అయిపోయింది, ఇంకా ఉంటే గంటకు 100 యువాన్లు అదనంగా ఇవ్వాలని ఆయన ముఖం మీదే చెప్పాడు. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి చెప్పులు వేసుకుంటూ, "పోనీలేమ్మా, ఇంతదూరం వచ్చాం కదా" అని నన్నే ఓదార్చారు. ఆ మాట నాకు మింగుడు పడటం లేదు.

ముస్లిం క్వార్టర్‌కు రానన్నాడు, కారు ఆపడానికి చోటుండదట. మమ్మల్ని డ్రమ్ టవర్ దగ్గర దింపేసి వెళ్లిపోయాడు. మేమే నడిచి వెళ్లాం. అక్కడ వెనిగర్, కారపు నూనె వేసి కలిపిన లియాంగ్‌పీ అనే చల్లని పిండి పట్టీలు, పెనం మీద కాల్చిన పెర్సిమన్ పండ్ల బిళ్లలు అమ్మ కడుపునిండా తిన్నది. మాంసం లేదు కదా అని ఫోన్‌లో చైనీస్‌లో రాసి చూపిస్తే, ఆ కొట్టు యజమాని తనే గరిటె కడిగి వేరే గిన్నెలో కలిపి ఇచ్చాడు. రోజంతా గైడ్ చేయలేని పని ఆ పెద్దాయన ఒక్క నిమిషంలో చేశాడు.

చైనాలో 2013 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న పర్యాటక చట్టం ఇలాంటి బలవంతపు దుకాణాల మజిలీలను నిషేధిస్తోంది. 35వ అధికరణ ప్రకారం, యాత్ర ముగిసిన 30 రోజుల్లోగా కొన్న వస్తువును వాపసు చేయించి డబ్బు తిరిగి ఇప్పించమని ట్రావెల్ సంస్థను అడగవచ్చు. రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు జతచేసి యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. అక్కడ పని జరగకపోతే ప్రభుత్వ ఫిర్యాదుల హాట్‌లైన్ 12345కు ఫోన్ చేస్తాను.

మీరు వెళితే మ్యూజియం టికెట్ పాస్‌పోర్ట్ నంబరుతో మీరే ముందుగా బుక్ చేసుకోండి. మెట్రో 9వ లైన్‌లో హువాచింగ్ చీ వరకు వెళ్లి అక్కడినుంచి బస్సు పట్టుకోవచ్చు. గైడ్ తప్పదనుకుంటే గుర్తింపు కార్డు అడిగి చూడండి, ముఖ్యమైన చోటును రోజులో మొదటే పెట్టించండి.

మా రైలు రేపు ఉదయం ఏడింటికి. పగోడా తలుపులు తెరిచేది ఆ తరువాతే.