స్టీలు ఫిల్టరు: చిల్లుల్లోనే ఉంది అంతా

ఇన్‌స్టంట్ కాఫీ పొడి మానేసి ఈ స్టీలు కాఫీ ఫిల్టరు కొన్నందుకు ఇన్నేళ్ళయినా సంతోషమే. పైగిన్నె అడుగున చిల్లులు ఎంత సన్నగా ఉన్నాయంటే, పొడి కిందికి జారదు, గ్లాసు అడుగున మడ్డి మిగలదు. రాత్రి వేడినీళ్ళు పోసి మూత పెడితే తెల్లారేసరికి చిక్కటి డికాక్షన్. మా గేదె పాలకు ఆ చిక్కదనం ఉండాల్సిందే, లేకపోతే కాఫీ అని పేరే గాని పాల రుచే తెలుస్తుంది.

ఆ సన్న చిల్లులే కిందటి వేసవిలో ఏడిపించాయి. రాజోలు వైపు మాకు మంచినీళ్ళంటే గోదావరి కాలువ నీళ్ళే. దాళ్వా (రెండో పంట) కోతలై కాలువలు కట్టేశాక, ఊరి చెరువు అడుగంటి, కాఫీకి కూడా బోరు నీళ్ళే దిక్కయ్యాయి. ముందు రుచి పోయింది. డికాక్షన్ రంగు అలాగే ఉంది గాని నాలిక మీద ఆ సన్నటి పులుపు లేదు. ఇలాంటి కఠినమైన నీళ్ళలో కరిగి ఉండే బైకార్బనేట్ లవణాలు ఆ పులుపును విరిచేస్తాయి. తర్వాత దిగడమే ఆగిపోయింది. ఓ తెల్లవారుజామున మూత తీస్తే పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నాయి.

"పొడి మారిందేమోనమ్మా, ఓసారి చూడు," అన్నారు అత్తయ్యగారు. పొడి పాతదే. పైగిన్నె కడిగి కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తే సగం చిల్లుల్లోంచి వెలుగే రావట్లేదు, గీరితే పెళుసుగా ఊడే తెల్లటి పొర, ఆ బోరు నీళ్ళ లవణాలదే, పట్టేసింది. సూదితో పొడుద్దామంటే చిల్లులు పెద్దవైపోతాయని మామయ్యగారు వద్దన్నారు. నిమ్మరసం పిండిన నీళ్ళలో గిన్నె వేసి మరిగించి, రాత్రంతా అలాగే వదిలేశాను. పొద్దున్న పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పొర మొత్తం వచ్చేసింది. మళ్ళీ చుక్కలు టపటపా పడుతుంటే ప్రాణం లేచొచ్చింది.

చిల్లులు మూసుకోవడంలో కాఫీపొడిలో కలిపే చికోరీ వేరు పొడికీ వాటా ఉంది, తడిస్తే జిగురెక్కుతుంది. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకుండా ఉంటే నిబంధనలకు చాలు, అందుకే ప్యాకెట్ మీద శాతాలు చూసి కొనాలి. ఇప్పుడు మేం అరకు అరబికా కాఫీ 80 శాతం, చికోరీ 20 శాతం కలిపింది వాడుతున్నాం. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆ అరకు కాఫీయే. గబగబా దిగుతుంది, వాసన బ్రహ్మాండం, చిక్కదనం మాత్రం కాస్త తక్కువే. రాత్రి పోసి ఉంచడం కూడా మానేశాం, తెల్లారేసరికి ఆ వాసన సగం పోతోంది. పొద్దున్నే పోస్తే పాలు కాగి, పూజ గది తుడిచేలోపు దిగిపోతుంది.

ఏడాది పొడుగునా కాలువ నీళ్ళు అందే ఇల్లయితే కళ్ళు మూసుకుని కొనండి. బోరు మీద బతికే ఇల్లయితే కాఫీ వరకైనా వాటర్ టిన్ను వాడుకోండి, లేదా చిల్లులు కాస్త పెద్దగా ఉన్నది చూసుకోండి. మా నలుగురికీ ఇది సరిపోతోంది. సంక్రాంతికి చుట్టాలు దిగితే మాత్రం రెండుసార్లు పోయాల్సి వస్తోంది, పెద్దది కొనాలా అని ఇంకా ఆలోచిస్తున్నాం.