వడ్డేపల్లి చెరువు దిక్కు ఇస్త్రీ కొట్టు: నూలు చీరెలు కట్టేవాళ్ళ కోసం

ఈ కొట్టుకు బోర్డు లేదు. హన్మకొండ నుంచి వడ్డేపల్లి చెరువు దిక్కు పోయే దారిలో వేపచెట్టు కింద రేకుల షెడ్డు, లోపల ఒక అమ్మ, ఆమె కోడలు. నేను సర్కారు బడిలో టీచర్‌ను, వారమంతా నూలు చీరెలే కడత. మూడేండ్లుగా నా చీరెలన్నీ వీళ్ళ చేతుల్లోనే ఉంటున్నయ్.

మొదటిసారి ఇక్కడికి ఏడ్చుకుంటనే వచ్చిన. మా అమ్మ గుర్తుగా ఉన్న గద్వాల చీరెను ఊళ్ళోని ఒక పెద్ద డ్రైక్లీనింగ్ షాపులో ఇస్తే, జరీ అంచు మీద ఇస్త్రీ పెట్టె ఆనించి మరిచిపోయినట్టు గోధుమరంగు మరకతో తిరిగొచ్చింది. అడిగితే "ముందే ఉంది మేడమ్" అన్నరు. తోటి టీచర్ ఈ కొట్టు చెప్తే చీరె పట్టుకొని వచ్చిన. కొట్టు అమ్మ దాన్ని వెలుతురుకు పట్టి, మరక మీద గోటితో మెల్లగా రాసి చూసింది. "జరీ మాడింది బిడ్డా. ఇది పోదు. ఎవలన్న పోగొడ్తమంటె నమ్మి పైసలియ్యకు" అన్నది. రూపాయి తీసుకోలేదు. మర్నాడే మిగతా చీరెలన్నీ మూట కట్టి తెచ్చిచ్చిన.

గంజి పెట్టుడు ఈమెను చూసి నేర్చుకోవాలె. నారాయణపేట చీరె ఇచ్చిన రోజు అక్కడే స్టూలేసుకొని కూర్చున్న. వార్చిన అన్నం గంజిని పాత ధోతి గుడ్డలో వడగట్టి, వేళ్ళ సందున జారేటంత పల్చగా నీళ్ళు కలిపింది. చీరెను నీడకు ఆరేసింది. బాగా ఆరినంక మళ్ళీ నీళ్ళు చిలకరించి, గట్టిగా చుట్టి పక్కన పెట్టింది. తేమ అంతటా ఒక్క తీరుగ పాకాలట. అరగంట పోయినంకనే పెట్టె పట్టింది. గద్వాలకైతే అత్తా కోడళ్ళు చెరో కొస పట్టి ముందు అంచు లాగుతరు. ఒళ్ళు నూలు, అంచు పట్టు కదా, తడి తగిలితే రెండూ ఒక్క తీరుగ ముడుచుకోవు. లాగకపోతే అంచు కుచ్చులు కుచ్చులుగా నిలబడుతది. ముదురు రంగులను తిరగేసి చేస్తది, జరీ మీద తెల్లగుడ్డ పరుస్తది. పోయినసారి మడత పడ్డచోట మళ్ళీ మడత పడనియ్యదు. "మడత మీద మడత పడితె చీరె ఆన్నే పిగులుతది" అంటది.

చీరె లోపలి కొసన నాకు రెండు నల్లచుక్కల గుర్తు. నల్లజీడి గింజ రసాన్ని సూదిమొనతో పెట్టి సున్నం అద్దుతది. ఎన్ని ఉతుకులైనా పోదు, ఒకరి బట్ట ఒకరికి పోదు. ఆ రసం ఒంటికి తగిలితే పొక్కి పుండు పడుతది. అమ్మ కుడిచేతి చూపుడువేలు మీద ఆ పాత మచ్చలు వరుసగా ఉన్నయ్.

లోపాలు లేవని చెప్పను. ముసురు పట్టిందంటే రెండు మూడు రోజులు ఆలస్యమే. ఒకసారి నిప్పురవ్వ పడి మా ఆయన తెల్ల చొక్కాకు చిన్న చిల్లు పడ్డది. నేను చూడకముందే తీసి చూపించి, ఆ వారం పైసలు వద్దన్నది. అప్పటినుంచి తెల్లబట్టలన్నీ కోడలు కరెంటు పెట్టెతోనే చేస్తది. 2021 ఏప్రిల్ నుంచి లాండ్రీలకు సర్కారు ఇస్తున్న నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు వీళ్ళకూ వస్తుంది. గంజి బట్టకు మాత్రం ఇత్తడి బొగ్గుల పెట్టే. దాని బరువుకే ముడత చస్తదట. నేనొకసారి లేపి చూసిన, రెండు చేతులూ పట్టాల్సి వచ్చింది. ఆమె పొద్దంతా నిలబడి ఒంటిచేత్తో తిప్పుతది.

చొక్కాకు పది, చీరెకు ముప్పై, గంజి చీరెకు అరవై. ఈ అరవైని నలభై చేయమని బేరమాడేవాళ్ళను చూస్తే నాకు కోపమొస్తది. మిషను కుట్టు కూలికి మారుమాట్లాడకుండా ఇస్తం, ఈ చేతిపనికెందుకు గింజుకుంటం? నేను ఎనభై ఇస్త. గోడకు తెలంగాణ సాయుధ పోరాటంలో దొరలకు ఎదురు నిలిచిన చాకలి ఐలమ్మ ఫొటో ఉంది. అమ్మ పుట్టిల్లు ఐలమ్మ ఊరు పాలకుర్తి దిక్కే. విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు పంట ఎత్తుకపోను వస్తే ఐలమ్మ సంఘం (ఆంధ్ర మహాసభ) వాళ్ళతో కలిసి గింజలు ఇంటికి చేర్చుకున్న కథ, పెట్టె ఆపకుండనే చెప్పింది. తన చిన్నప్పుడు ఇంటింటికీ తిరిగి అన్నం అడుక్కొచ్చుకునేదట, ఏడాదంతా ఉతికితే కల్లం కాడ ఇన్ని గింజలు పోసేవాళ్ళట. "ఇప్పుడు లెక్క ఉన్నది బిడ్డా, బట్టకింతని" అన్నది.

సెప్టెంబర్ 26న, ఐలమ్మ జయంతి నాడు, కొట్టు తెరవరు. మిగతా రోజుల్లో పొద్దున ఎనిమిది నుంచి చీకటి పడేదాక ఉంటరు. ఫోన్‌పే కోడలి ఫోనుకే. సద్దుల బతుకమ్మకు గంజి చీరె కావాలంటే పది రోజుల ముందే ఇచ్చి రండి. నిరుడు నేను నాలుగు రోజుల ముందు పోతే అప్పటికే మూటలు రేకు దాకా పేర్చి ఉన్నయ్.