లాకుల గట్ల వెంట, బిగుసుకుపోయే ల్యాప్‌టాప్‌తో తొమ్మిది రోజులు

కార్తీకంలో గోదావరి డెల్టాకి వెళ్లడం నాకిది మూడోసారి. ఈసారి మాత్రం పని మీద వెళ్లాను. డెల్టా కాలువల మీద ఒక ఫొటోల పుస్తకానికి పేజీలు కడుతున్నాను. ధవళేశ్వరం, బొబ్బర్లంక, విజ్జేశ్వరం దగ్గర మొదలయ్యే మూడు డెల్టాల కాలువలు, వాటి మీది లాకులు, తూములు, రేవులు ఫొటోలు తీయాలి. ఏ రోజు తీసినవి ఆ రాత్రే పేజీల్లో సర్దాలి, తొమ్మిదో రోజుకి ఫైలు ప్రెస్సుకి చేరాలి. నా 2018 నాటి ల్యాప్‌టాప్ మొదటి రాత్రే బిగుసుకుపోయింది. అందుకని ఈ యాత్రలో బస ఎలా ఉంది, భోజనం ఎలా ఉంది అన్న సంగతులతో పాటు రిపేరు షాపుల సంగతీ రాయాల్సి వస్తోంది.

రాజమండ్రిలో గోదావరి స్టేషన్‌కి దగ్గరగా ఏసీ గది, రోజుకి 1,700. పక్క దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు ఎప్పుడడిగినా వచ్చాయి, పుష్కర ఘాట్‌కి నడిచి వెళ్లొచ్చు. పొద్దున్నే ధవళేశ్వరం వెళ్లి కాటన్ మ్యూజియం చూశాను. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట కట్టించిన ఆ దొరకి ఇక్కడి రైతులు ఇప్పటికీ పూలదండలు వేస్తారంటే, ఆ గట్టు మీద నిలబడి కాలువలోకి మళ్లే నీళ్లని చూసినప్పుడు ఎందుకో అర్థమవుతుంది.

రాత్రి ఫొటోలు ఎక్కిస్తుంటే తెర ఉన్నది ఉన్నట్టు ఆగిపోయింది. మౌసు కదల్లేదు. క్యాప్స్ లాక్ నొక్కితే దాని లైటు కూడా మారలేదు. పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపెట్టి ఆపాల్సి వచ్చింది. మర్నాడు మెయిన్ రోడ్డులో ఒక షాపుకి తీసుకెళ్లాను. ఏం జరిగిందో పూర్తిగా వినకుండానే "విండోస్ పాడైంది సార్, ఫార్మాట్ కొడదాం, 800" అన్నారు. ఫొటోలన్నీ కార్డుల్లోనే ఉన్నాయి, పేజీలు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాను కాబట్టి సరే అన్నాను. మూడు గంటలు పట్టింది. వెనక మూత విప్పలేదు, డిస్క్ ఎలా ఉందో చూడలేదు. అప్పుడు నేనే అడగాల్సింది. మెషీను ఉన్నట్టుండి మొత్తంగా బిగుసుకుపోతుంటే ముందు అనుమానించాల్సింది ర్యామ్ (పని జరుగుతున్నంతసేపూ డేటా ఉంచుకునే మెమరీ), డిస్క్, వేడి, కరెంటు. ఫార్మాట్‌తో వీటిలో ఏదీ బాగుపడదు. ఆ షాపుకి మళ్లీ వెళ్లను.

ఆత్రేయపురంలో ఆగి పూతరేకులు కొన్నాను. పల్చటి పిండినీళ్లలో తడిపిన గుడ్డని బోర్లించిన కుండ మీద అలా వేసి ఇలా లాగేస్తారు, కుండ మీద రేకు మిగులుతుంది. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. ఆ సాయంత్రానికి రావులపాలెం దగ్గర ఒక లంక ఊళ్లో, పెంకుటింట్లో బస. భోజనంతో కలిపి 1,500. పనసపొట్టు కూర, ముద్దపప్పు, గడ్డ పెరుగు పెట్టారు. ఈ యాత్ర మొత్తంలో నేను బాగా తిన్నది ఆ ఇంట్లోనే. కరెంటు మాత్రం నిలకడగా లేదు, సాయంత్రం రెండుసార్లు పోయింది. ఛార్జర్ పెట్టినప్పుడు ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యి పెడితే సన్నగా జిల్లుమంది, అంటే ఆ సాకెట్‌కి ఎర్త్ సరిగా లేదు. కంప్యూటర్ ఆగిపోవడానికి ఇదే కారణమేమోనని ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీదే నడిపాను. అప్పుడూ ఆగిపోయింది. కాబట్టి కరెంటు మీద అనుమానం పోయింది.

మంచం మీద పరుపులో పెట్టుకుని పని చేస్తుంటే ఆ ఇంటి పిన్నిగారు చూసి, "అలా దూదిలో కుక్కేస్తే దానికి ఊపిరెలా ఆడుద్దండీ?" అంటూ భోజనాల పీట తెచ్చిచ్చారు. ఆవిడ అన్నది అక్షరాలా నిజం. గాలి లోపలికి లాగే చిల్లులు అడుగునే ఉంటాయి, పరుపు వాటిని మూసేస్తుంది. పరుపు మీద ప్రాసెసర్ వేడి 96 డిగ్రీలు చూపించింది. పీట మీదకి మార్చిన అరగంటకి 79కి దిగింది. ఫ్యాను రొద తగ్గింది, పని కాస్త చురుగ్గా సాగింది. అయినా రాత్రి పదకొండింటికి మళ్లీ ఆగింది. వేడి ఒక్కటే కారణం కాదని అప్పుడు తేలింది.

ఆ రాత్రి నుంచి ఒక కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాను: ఎన్నింటికి ఆగింది, అప్పుడు ఏం చేస్తున్నాను, మౌసు కదిలిందా, క్యాప్స్ లాక్ లైటు మారిందా. రెండు రోజులకి ఒక సంగతి బయటపడింది. ఆగిపోవడాలు రెండు రకాలు. ఒక రకంలో అన్నీ ఒక్కసారే కొయ్యబారిపోతాయి, లైటు కూడా మారదు. రెండో రకంలో మౌసు కదులుతుంది, లైటు మారుతుంది, కానీ ఏ ఫోల్డరూ తెరుచుకోదు. రెండు మూడు నిమిషాలకి దానంతటదే తేరుకుంటుంది.

ఆ కాగితం పట్టుకుని అమలాపురం వెళ్లాను. గడియార స్తంభం సెంటర్ నుంచి కాస్త నడిస్తే, ఇరుకు మెట్లెక్కాక ఒక చిన్న షాపు. ముప్పై ఏళ్ల కుర్రాడు, పక్కన పని నేర్చుకుంటున్న పిల్లాడు, అంతే. కాగితం ఆసాంతం చదివాడు. "సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాతండి. మా చేను చివర నీళ్లు అందకపోతే, పై నుంచి ఒక్కో తూమూ చూసుకుంటా వస్తాం కదండీ. ఇదీ అంతే. ఒక్కో ముక్కా పక్కన పెట్టి చూద్దాం" అన్నాడు.

మొదట డిస్క్ ఊడదీసి పక్కన పెట్టాడు. విండోస్ బదులు లైనక్స్ అనే మరో సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో మెషీను లేపి, వీడియోలు పెట్టి వదిలేశాడు. నలభై నిమిషాలకి బిగుసుకుపోయింది. డిస్క్ లేకుండానే ఆగిందంటే ఆ పూర్తిగా కొయ్యబారే రకానికి డిస్క్ బాధ్యత లేదు, విండోస్‌కి అసలే లేదు. ఇక ర్యామ్. లోపల రెండు పలకలున్నాయి, ఒకటి 8 జీబీ, ఒకటి 4 జీబీ. ముందు బ్యాటరీ తీగ విడదీశాడు. 4 జీబీ పలక తీసి ట్యూబులైటు కింద వంచి నాకు చూపించాడు. అంచున బంగారు రంగు పళ్ల వరసలో మూడు నాలుగు చోట్ల బూడిద రంగు మరకలున్నాయి. పిల్లాడి కంపాస్ బాక్సులోంచి తెల్ల రబ్బరు తీసుకుని ఒకే వైపుకి మెత్తగా రుద్దాడు, పొడి దులిపాడు, స్పిరిట్‌తో తుడిచాడు. చాలాసార్లు దీంతోనే సరిపోతుందట. మళ్లీ పెట్టి, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రాము నడిపితే పది నిమిషాల్లోపే తెర మీద తప్పులు చూపించే ఎర్ర గీతలు వరస కట్టాయి. పలకని రెండో స్లాట్‌లోకి మార్చాడు. అక్కడా ఎర్ర గీతలే. అదే స్లాట్‌లో 8 జీబీ పలక పెడితే ఒక్క తప్పూ రాలేదు. స్లాటు మంచిదే, ఆ పలకే పోయిందని తేలింది. అయినా ఒక్క రౌండుతో నమ్మకూడదని, 8 జీబీ పలకతో రాత్రంతా ఇన్వర్టర్ మీద నడిపించి నాలుగు రౌండ్లు చూశాడు.

నేను ఆ రాత్రి బస్టాండు దగ్గర లాడ్జిలో పడుకున్నాను. 1,100 గది, దోమలు ఎక్కువ, చెప్పుకోవడానికి ఇంకేం లేదు.

పొద్దున వెళ్లేసరికి డిస్క్ పరీక్ష పెట్టి ఉంది. డిస్క్ తన ఆరోగ్యాన్ని తనే లెక్క రాసుకుంటుంది. అందులో చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్ల (డేటా దాచే చిన్న గడుల) వరసలో సున్నా ఉండాల్సిన చోట 24 ఉంది. "చెవి దగ్గర పెట్టి వినండి" అన్నాడు. పెద్ద ఫైలు కాపీ అవుతుండగా విన్నాను. గుయ్‌మనే చప్పుడు మధ్యలో టిక్, టిక్ అని రెండుసార్లు, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ గుయ్. ఆ నిశ్శబ్దమే నా రెండో రకం ఆగిపోవడం. చదవలేని చోటు దగ్గర డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంటుంది, అంతసేపూ విండోస్ ఎదురుచూస్తుంది. "రెండు జబ్బులండీ. ఒకటి తగ్గించి రెండోది వదిలేస్తే మళ్లీ మొదటికొస్తారు. డిస్క్‌కి రిపేరు ప్రోగ్రాములేవీ పెట్టకండి, దానికి శ్రమ ఎక్కువవుద్ది. ముందు కావాల్సినవి కాపీ చేసుకోండి." నా పేజీలు, రాజమండ్రి తర్వాత తీసిన ఫొటోలు ముందు, మిగతావి తర్వాత తీసి బయటి డ్రైవ్‌లో పెట్టాడు. పాత డిస్క్ బదులు పెట్టాల్సిన ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) అతని దగ్గర స్టాకు లేదు. తెప్పించడానికి రెండు రోజులు పడుతుంది, తొందరైతే భీమవరంలో కొనుక్కోండని తనే చెప్పాడు. రెండు రోజుల పనికి 600 తీసుకున్నాడు. ఎక్కువ ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

అక్కడి నుంచి దిండి. వశిష్ఠ ఒడ్డున కాటేజీ, 4,500. వరండాలో కూర్చుంటే కొబ్బరిచెట్ల నడుమ నది, ఆ దృశ్యానికి ఎంతిచ్చినా తక్కువే. గదిలో మాత్రం చెమ్మ వాసన, నెట్ లేదు, రెండుసార్లు చెప్పినా తువ్వాళ్లు మార్చలేదు. విశ్రాంతికైతే వెళ్లండి, పని పెట్టుకుని వెళ్లకండి. మర్నాడు అంతర్వేది. లక్ష్మీనరసింహస్వామి దర్శనం అయ్యాక అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నది సముద్రంలో కలిసేచోట చాలాసేపు నిలబడ్డాను. ల్యాప్‌టాప్ సంచి జిప్పు తియ్యలేదు. కళ్లజోడు మీద పేరుకున్న ఉప్పు తేమ చూశాక, ఆ బూడిద మరకలే గుర్తొచ్చాయి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం దాటాను. మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, ఒడిలో పూలబుట్ట పెట్టుకున్న ముసలమ్మ, అందరం ఒకే బల్లకట్టు మీద. పుస్తకం అట్ట మీద వేయబోయే ఫొటో అక్కడే దొరికింది.

భీమవరంలో పెద్ద షాపు. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ 3,400, బిల్లు, మూడేళ్ల వారంటీ, బిగింపు ఉచితం. మాట మర్యాద బాగుంది. పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి దించేస్తామన్నారు. వద్దని, విండోస్ కొత్తగా ఎక్కించమన్నాను. కాపీలు చేతిలో ఉన్నప్పుడు చావుకి సిద్ధంగా ఉన్న డిస్క్‌ని మొదటి నుంచి చివరిదాకా చదివించడం ఎందుకు?

ఆఖరి రెండు రాత్రులు పాలకొల్లులో. క్షీరారామానికి దగ్గరగా గది కావాలనుకున్నాను కానీ, కార్తీక సోమవారం పంచారామాల బస్సులు దిగేసరికి లాడ్జీలన్నీ నిండిపోయాయి. రైల్వే స్టేషన్ వైపు 1,300కి ఒక గది దొరికింది. బల్ల, కుర్చీ, ఎర్త్ ఉన్న సాకెట్, అడగ్గానే జంక్షన్ బాక్సు తెచ్చిచ్చిన కుర్రాడు. పని చేసుకునేవాళ్లకి ఈ తొమ్మిది రోజుల్లో చూసిన గదుల్లో ఇదే మంచిది. 8 జీబీతో పెద్ద ఫొటోలు తెరవడం కాస్త నెమ్మదిగానే ఉంది. కానీ రెండు రాత్రులూ ఒక్కసారి కూడా ఆగలేదు, ఆ కాగితం మీద కొత్త గీత పడలేదు.

ఫైలు పంపాక అమలాపురం కుర్రాడికి ఫోన్ చేసి చెప్పాను. "ఫ్యాన్ దగ్గర దుమ్ము తీయించి, ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు మార్పించారా?" అని అడిగాడు. ఇంకా లేదన్నాను. "వేసవి లోపు చేయించేయండి. ఈలోగా ఆ పీట వదలకండి" అన్నాడు.